నొగ మీద బరువు

బేతంచెర్ల దగ్గర నాపరాతి గనుల్లో ట్రాలీకి బండలెత్తుతుంటే పని తెలిసిన డ్రైవరు ఊరికే కూర్చోడు. సగం లోడు పడగానే దిగొచ్చి ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య కొక్కెం దగ్గర వంగి చూస్తాడు. ట్రాలీ కన్ను కొక్కెం కింది పలకను నొక్కుకొని కూర్చుందా, లేక పైకి తేలుతోందా అన్నది అతని పరీక్ష. నొక్కుకొని ఉంటే సరే. తేలుతోందా, "ముందర ఇంకో వరస వెయ్యండప్పా" అని కూలీలకు కేకేస్తాడు.

ఆ ఒక్క వరసకు ఉన్న విలువ లెక్క వేస్తేగాని తెలియదు. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న నాపరాయి దాదాపు పాతిక కిలోలు తూగుతుంది. అలాంటివి నూట ఇరవై ఎత్తితే మూడు టన్నులు. ట్రాలీకి ఒకటే ఇరుసు, ఆ ఇరుసుకు కొక్కెం ఎనిమిదడుగుల దూరం అనుకుందాం. మొత్తం బరువుకు నడిమి స్థానం ఇరుసుకు పది అంగుళాలు ముందుంటే కొక్కెం మీద మూడు వందల కిలోల పైచిలుకు పడుతుంది. ట్రాక్టరు వెనక చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి, ట్రాలీ చెప్పినట్టు వింటుంది. అందులోంచి ఇరవై బండలు తీసి ఐదడుగులు వెనక్కి పేర్చితే చాలు, కొక్కెం మీద బరువు సున్నా. లోడు అదే, బండి అదే, దారి అదే. కానీ ఇప్పుడు వేగం పెరిగితే ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది.

ఈ ఊపును ఇంగ్లీషువాళ్లు స్వే అంటారు. అమెరికాలో కారు వెనక చిన్న ఇంటి బండి తగిలించుకొని విహారానికి వెళ్లేవాళ్లకు దీన్ని మించిన భయం లేదు. దాన్ని అదుపు చేసే పరికరాల అంగడే వేరుగా ఉంది. కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటి బండ్లు లాక్కెళ్లేవాళ్లు కనిపించరు. ఒక ఇరుసు మీద బరువు వేసి దాన్ని ముందున్నదానికి తగిలించి లాగే విద్య మాత్రం ఇక్కడ తరాల నాటిది. ఆ విద్యకు ఇక్కడొక తూకపు యంత్రం కూడా ఉండేది. అది ఎద్దు మెడ.

బండికి ముందు ఈ సీమలో సరుకు మోసింది పెరిక ఎద్దు. పెరిక అంటే ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడే గోనె సంచి. ఒక్కో ఎద్దు అటూ ఇటూగా నూరు కిలోలు మోసేది. రెండు సంచుల్లో ఏ ఒక్కటి బరువెక్కినా వీపు రుద్దుకుపోయి ఎద్దు నాలుగు రోజుల్లో పడకేస్తుంది. అందుకే పెరిక నింపడం కావడి కట్టడమంత జాగ్రత్తగా సాగేది. తీరం నుంచి ఉప్పు, సీమ నుంచి ధాన్యం, పత్తి వందల ఎద్దుల మందల మీద కదిలేవి. వాటిని తోలినవాళ్లలో లంబాడీలది పెద్ద చెయ్యి. రాయలసీమలో వాళ్లను సుగాలీలంటారు. మైసూరు యుద్ధాల్లో ఈస్టిండియా కంపెనీ సైన్యాలకు ధాన్యం చేరవేసిందీ ఈ మందలే.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారపోశాక దత్తమండలాలకు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అప్పటికి సీమలో రోడ్డు అనదగ్గది అరుదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం దాటుకుంటూ పోయింది పల్లకీలో, బోయీల భుజాల మీద. డబ్బున్న పెద్దమనిషి సంగతే అలా ఉంటే సరుకు సంగతి చెప్పేదేముంది? నంద్యాల లోయలో నల్లరేగడి నేల వానపడితే చక్రాన్ని మింగేస్తుంది, ఎండితే పగుళ్లతో విరగ్గొడుతుంది. ఆ నేల మీద పెరిక ఎద్దు నాలుగు కాళ్లే నయం.

రోడ్లు పడ్డకొద్దీ లెక్క తిరగబడింది. పెరిక కింద రెండు ఎద్దులు మోసేది రెండు వందల కిలోలైతే, అదే జత కాడి కట్టి బండి లాగితే టన్ను దాకా లాగుతుంది. నాలుగైదు రెట్ల లాభం చూశాక ఎవరు ఊరుకుంటారు? పందొమ్మిదో శతాబ్దం సగం దాటేసరికి బండి పెరికను దారి నుంచి నెట్టేసింది. మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం కడప, గుత్తి దాటి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గాన్ని కలిసింది. దాంతో దూరపు రవాణా రైలుకు పోయింది. స్టేషను దాకా, స్టేషను నుంచి ఊరి దాకా బండికి చేతినిండా పని దొరికింది.

మధ్యలో ఒక చిత్రం జరిగింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కడప దాకా సుమారు మూడు వందల కిలోమీటర్ల కాలువ తవ్వారు. అదే కేసీ కాలువ. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టినప్పుడు అది పొలాలకు నీళ్లు పారించే కాలువ మాత్రమే కాదు, పడవలు నడిచే దారి కూడా. లాకులు కట్టారు, పడవలూ తిరిగాయి. కానీ కంపెనీ అనుకున్న లాభం రాలేదు. 1882లో సర్కారే దాన్ని కొనేసింది. చివరికి పడవలు పోయి, గట్టు పక్క దారిలో ఎడ్లబండ్లు మిగిలాయి. ఓడలు బండ్లవుతాయన్న సామెత నిజం కావడం చూడాలంటే సముద్రం దాకా పోనక్కర్లేదు.

బండి లేకపోతే, బండికి ఎద్దు లేకపోతే ఏమవుతుందో 1876-78 కరువు చూపించింది. కర్నూలుకు అప్పటికి రైలు లేదు. దగ్గరి స్టేషను గుత్తి. మద్రాసు రేవులో దిగిన ధాన్యం రైల్లో అక్కడి దాకా వచ్చినా, ఆపైన ఊళ్లకు చేరాల్సింది ఎడ్లబండ్ల మీదే. మేత లేక ఎద్దులు ముందే చచ్చాయి. మిగిలినవాటికి లాగే సత్తువ లేదు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనంలో సుమారు పావు వంతు మంది లేకుండా పోయారు. కరువుకు కారణాలు చాలా ఉన్నాయి గానీ, రైలు కమ్మీకీ పల్లె వాకిలికీ మధ్య దూరం కూడా వాటిలో ఒకటి.

ఇక బండి దగ్గరికి వద్దాం. సీమ ఎడ్లబండికి రెండు చక్రాలు, ఒక ఇరుసు. ముందుకు సాగిన దూలం నొగ. నొగ కొసన అడ్డంగా కాడి. ఈ మాటలన్నీ సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేయించిన నిఘంటువులో ఉన్నాయి. ఆయన తెలుగు పనికి పునాది పడింది కూడా కడపలోనే. నొగ చేసే పనే నేటి ట్రాలీలో ముందుకు సాగిన ఇనుప దూలం చేస్తుంది, అమెరికా ఇంటి బండిలో వాళ్లు నాలుక అని పిలిచే భాగం చేస్తుంది. రెండు చక్రాల బండి నిజానికి ఇరుసు మీద నిలబడ్డ త్రాసు. వెనక బరువైతే నొగ ఆకాశం చూస్తుంది, ముందు బరువైతే నేల చూస్తుంది. ఎద్దులు ఆ త్రాసు ముల్లు దగ్గర నిలబడి ఉంటాయి.

ముందు బరువు మితిమీరితే కాడి మెడ మీద కూర్చుంటుంది. పది మైళ్లు పోయేసరికి మెడ వాచి, తోలు లేచి, పుండవుతుంది. వెనక బరువైతే కాడి పైకి లేచి మెడ కింది తాడు గొంతు పట్టేస్తుంది, ఎద్దు ఎగశ్వాసతో నిలబడిపోతుంది. రెంటికీ మధ్య, కాడి మెడ మీద ఆనీ ఆననట్టు కాస్త బరువు ఉండాలి. ఎంత అన్నదానికి బండి తోలేవాళ్ల దగ్గర తూకపు రాళ్లు లేవు. కాడి ఎత్తి పట్టుకొని చేత్తో చూసుకునేవాళ్లు. చేతికి అందని తేడాను ఎద్దు నడక చెప్పేది. వలపలెద్దు తల వంచి నడిస్తే ఒక అర్థం, దాపలెద్దు మెడ పక్కకు తిప్పితే ఇంకో అర్థం. దారిలో ఆపి రెండు మూటలు వెనక నుంచి ముందుకు జరిపి మళ్లీ కదలడం రోజూ ఉండేదే.

కనమల్లో ఈ విద్యకు అసలు పరీక్ష. నల్లమలను దాటి నంద్యాల వైపు నుంచి కంభం వైపు పోవడానికి నంది కనమ, మంత్రాల కనమ పాత దారులు. ఎగువ ఎక్కేటప్పుడు లోడు వెనక్కి వాలుతుంది, నొగ తేలిపోతుంది. అప్పుడు తోలేవాడు ముందుకు జరిగి నొగ మొదట్లో కూర్చుంటాడు. దిగుడులో మొత్తం బరువు ముందుకు తూలి ఎద్దుల మీదికి తోసుకొస్తుంది. అప్పుడు కిందికి దిగి నడుస్తాడు, లేదా వెనక్కి పోయి వేలాడతాడు. ఒక మనిషి ఒళ్లే జరిగే తూకపు రాయి అన్నమాట. ఇంజనీర్లు దీన్ని ఈనాడు చూస్తే క్రియాశీల నియంత్రణ అని పెద్ద పేరు పెడతారు. తోలేవాడికి అది మామూలు ఒడుపు.

సరుకును బట్టి పేర్పు మారేది. జొన్న చొప్ప తేలిక, కానీ కొండలా లేస్తుంది. దానికి తోక ఊపు భయం తక్కువ, పక్కకు ఒరిగే భయం ఎక్కువ. అందుకే మోకులతో ముందుకూ వెనక్కీ బిగించి, అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా కట్టేవాళ్లు. ఆదోని మార్కెట్టుకు పోయే పత్తిదీ అదే తంతు. కర్నూలు వైపు బుడ్డలు, కడప వైపు శెనక్కాయలు అనే వేరుశనగ మూటలు నడిమి రకం. ఇక రాయి వీటన్నిటికీ పూర్తిగా వ్యతిరేకం. ఎత్తు ఉండదు, కానీ తప్పు చోట పడిందా, సరిచేసే వీలుండదు.

ఆ రాయికి పెద్ద చరిత్రే ఉంది. 1872లో విలియం కింగ్ భారత భూవిజ్ఞాన సర్వే కోసం కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథంతో ఈ రెండు ఊళ్ల పేర్లూ భూగర్భశాస్త్రంలో నిలిచిపోయాయి. జమ్మలమడుగు ప్రాంతపు నార్జి పేరుతోనే ఒక సున్నపురాతి పొరను పిలుస్తారు. దేశమంతా కడప బండ అని వంటింటి గట్ల మీద పరుచుకునే నల్లరాయి ఆ పొరల్లోదే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, బనగానపల్లె, బేతంచెర్ల వైపు ఆ రాయి గోడ, కప్పు, గట్టు, పొలానికి కంచె కూడా. ఎర్రగుంట్ల మద్రాసు-బొంబాయి మార్గం మీద ఉంది, బేతంచెర్ల గుంతకల్లు-నంద్యాల మార్గం మీద. గని నుంచి ఈ స్టేషన్ల దాకా రాయిని చేర్చింది బండ్లే. పలచని బండను పడుకోబెడితే గతుకులకు నడిమికి విరుగుతుంది కాబట్టి అంచు మీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించి, మధ్య గడ్డి కుక్కుతారు. నిలబెట్టిన బండ జారితే ఇక పట్టలేం. పేర్పులో ముందు వెనకల లెక్కకు తోడు కుడి ఎడమల లెక్క కూడా వచ్చి చేరుతుంది.

ఊపును అదుపు చేయడానికి తాళ్లనూ మనుషులనూ నమ్ముకున్న బండి ఇంకొకటి ఇప్పటికీ నడుస్తోంది. రథసప్తమి నాడు దేవుని కడపలో కదిలే తేరు. దానికి స్టీరింగు లేదు. లాగేది జనం, అదుపు చేసేది చక్రం కింద సమయానికి చెక్క దిమ్మె తోసే నలుగురైదుగురు. వాళ్ల చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమవుతుందో ఆ వీధిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కర్రచక్రం పోయి రబ్బరు టైరు వచ్చినప్పుడు బండి గుణం మారింది. టైరుబండి గతుకుల్లో మెత్తగా పోతుంది, అదే జత ఎద్దులతో టన్నున్నర, రెండు టన్నులు లాగిస్తుంది. లోడు పెరిగింది గానీ మెడ అదే. 1970లలో బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండి మీద పట్టుబట్టి పనిచేశారు. దేశంలో కోటికి పైగా బండ్లున్నాయనీ, రైళ్లూ లారీల గురించి ఇంత ఆలోచించే ప్రభుత్వాలు వాటిని పట్టించుకోవడం లేదనీ ఆయన బాధ. మెడ మీద బరువు తగ్గించే కాడి, తేలికపాటి ఇరుసు కావాలని వాదించారు. మేనేజిమెంటు బడి పెద్ద ఎడ్లబండి గురించి మాట్లాడటం అప్పట్లో కొందరికి నవ్వులాటగా తోచింది. పల్లెలో ఎవరూ నవ్వి ఉండరు.

ఆ సంస్కరణ పూర్తిగా ఊరు చేరేలోపే ట్రాక్టరు వచ్చేసింది. ఫరీదాబాదులో ఐషర్ 1959లో, చెన్నైలో టాఫే 1960లలో ట్రాక్టర్లు తయారుచేయడం మొదలుపెట్టాయి. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో సీమ పల్లెల్లో దున్నకం కంటే రవాణాకే ట్రాక్టరు ఎక్కువ తిరిగిందంటే అతిశయోక్తి కాదు. బుడ్డలు, ఉల్లిగడ్డలు, ఇటుకలు, ఇసుక, పెళ్లి జనం, తిరునాళ్ల జనం, అన్నిటికీ అదే.

ఇక్కడే ఒక పాత జ్ఞానం తెగిపోయింది. ఎద్దుకు నొప్పి పుడుతుంది, ఇంజనుకు పుట్టదు. నొగ బరువు తేడా వస్తే ఎద్దు పది అడుగుల్లో చెప్పేది. ట్రాక్టరు ఏమీ చెప్పదు, ట్రాలీ ఊగేదాకా లాక్కుంటూ పోతుంది. మొదటి తరం ట్రాక్టరు డ్రైవర్లు బండి తోలిన చేతులవాళ్లు. కొక్కెం వంక చూసే అలవాటు వాళ్లకు అలాగే వచ్చింది. ఎద్దును తోలకుండానే స్టీరింగు పట్టినవాళ్లకు ఆ చూపు ఎవరో నేర్పాలి.

ట్రాక్టరుకు తనదైన ప్రమాదం ఇంకొకటి ఉంది. దున్నేటప్పుడు మలుపు తిప్పడానికి వీలుగా దాని వెనక చక్రాలు రెంటికీ వేరువేరు బ్రేకు పెడళ్లుంటాయి. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపే కొండీ వేయాలి. వేయకుండా ఒక్క పెడలు తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు గిరుక్కున తిరుగుతుంది. చాలా ట్రాలీలకు బ్రేకులే ఉండవు కాబట్టి వెనక మూడు టన్నులు తమ దారిన తాము ముందుకు తోసుకొస్తాయి. రెండూ కత్తిపీటలా మడుచుకుంటాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కడప మీదుగా సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద, ముఖ్యంగా కడప దాటాక గువ్వలచెరువు ఘాటు దిగుడులో, ఈ సంగతి తెలియకపోతే నడవదు. నాలుగు చక్రాల ట్రాలీకి కొక్కెం తేలే బాధ లేదు. దాని బాధలు వేరే.

అమెరికాలో కారు వెనక ఇంటి బండి లాగేవాళ్లకు తయారీదార్లు చెప్పే లెక్క ఒకటుంది. బండి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. యూరప్‌లో కాస్త తక్కువ, అక్కడ లాగే వేగాల మీద హద్దులూ ఎక్కువ. తోక బరువైన బండి ఒక వేగం దాకా మామూలుగానే ఉంటుంది. ఆ హద్దు దాటాక పక్కగాలి తగిలినా, పెద్ద లారీ దాటిపోయినా ఊపు మొదలై, ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. గంటకు ముప్ఫై కిలోమీటర్లు మించని ట్రాక్టరుకు చాలాసార్లు ఆ హద్దు ఎదురుపడదు. గంటకు నూరు పోయే కారుకు ఎదురుపడుతుంది. బ్రిటన్‌లో బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు బరువులు జరపడానికి వీలైన ట్రైలరును కారుకు కట్టి ప్రయోగాలు చేశారు. 2009లో వెలువడిన వాళ్ల ఫలితాల్లో కూడా కొక్కెం మీద ఎంత పడింది, బరువు ఇరుసుకు దగ్గరగా ఉందా, చివర్లలో ఉందా అన్నవే ముఖ్యంగా తేలాయి.

అమెరికాలో వాడే అదుపు పరికరాల్లో అతి మామూలుది రాపిడి కమ్మీ. కారుకూ ట్రైలరుకూ మధ్య పక్కగా ఒక ఇనుప పట్టీ, దాన్ని అదిమిపట్టే రెండు దిమ్మెలు, బిగించడానికి ఒక మర. ట్రైలరు పక్కకు తిరగబోతే ఆ రాపిడి దాన్ని ఆపుతుంది. సైకిలు బ్రేకు లాంటిదే అనుకోవచ్చు. వెనక్కి తీసేటప్పుడు దాన్ని ఊడదీయాలి, లేకపోతే పట్టీ వంగుతుంది. బరువును ముందు చక్రాలకు కూడా పంచే స్ప్రింగు కమ్మీలు ఇంకో రకం. కొత్త కార్లలో ఊపును పసిగట్టి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటోంది. ఎద్దు మెడ చేసిన పనిని సెన్సరు చేస్తోందనుకోవచ్చు. అయితే వీటిలో ఏదీ తప్పుగా పేర్చిన లోడును సరిచేయదు. ఊపు వచ్చాక చేయాల్సినవి కూడా కొద్దివే. కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగుతో పోట్లాడకూడదు. యాక్సిలరేటరు వదిలేసి, ట్రైలరుకు విడిగా చేతి బ్రేకు ఉంటే దాన్ని మెల్లగా వేయాలి.

వేసవి సెలవుల్లో అమెరికా జాతీయ వనాలకు ఇంటి బండి అద్దెకు తీసుకొని పోయే తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. హోటలు తిండి నాలుగో రోజుకు మొహం మొత్తుతుంది కాబట్టి కుక్కరు, ఊరగాయ జాడీలు, నీళ్ల డబ్బాలు, వాటితో పాటు బియ్యం బస్తా వెంట వస్తాయి. ఇండియన్ అంగళ్లలో కర్నూలు సోనా పేరుతో దొరికే సన్నబియ్యమే చాలా ఇళ్లలో వాడుక. ఆ రకానికి పేరు తెచ్చిన పొలాల్లో పడవల కోసం కూడా తవ్వి పడవలకు కాకుండా పోయిన ఆ కేసీ కాలువ ఆయకట్టు ఒకటి. బండి వెనక తలుపు తెరవగానే అందుతుందని బస్తాను తోక వైపే పడేయాలనిపిస్తుంది. అద్దెకిచ్చేవాళ్లు చెప్పే సూచన ప్రకారం దాని చోటు అది కాదు. బస్తా ఇరుసుకు కాస్త ముందు, నేలకు ఆనించి, రెండు చక్రాలకూ సరిగ్గా నడుమ ఉండాలి.